ముఖం చూసి నెట్టేసే ఇల్లు

ఆ ఇల్లు ఎవర్నీ పిలవదు. అరవదు. దీపం చూపించదు. రాత్రిపూట పక్కనుంచి మోటారు సైకిలు మీద పోయేవాణ్ణి, ఊరికే... లాగుతుంది.

గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా కాస్త ముందుకి జరగండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. విన్నది విన్నట్టు చెబుతాను. ఒక మాట ఎక్కువ కలిపితే పైవాడు వింటూనే ఉంటాడు, ఆయన దగ్గర నాకు ఇప్పటికే బోలెడు బాకీలున్నాయి.

సముద్రానికీ ఊరికీ మధ్య ఒక కరకట్ట. కట్ట మీద తారు రోడ్డు. ఆ చివర ఐసు ఫ్యాక్టరీ, ఈ చివర ఊరు. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వస్తుంటే ఎడమ పక్క సముద్రం దాకా ఖాళీ బయలు, కుడి పక్క కాలవ. కాలవంటే పిల్లకాయలు మునకలేసేది కాదు. నిటారు గట్లు, నల్లటి నీళ్ళు, అడుగు ఎక్కడుందో తెలీదు.

సరిగ్గా సగం దారిలో, ఎడమ చేతి పక్క, రోడ్డుని ఆనుకుని ఒక పాత ఇల్లు ఉండేది. ఒకప్పుడు కాలవ లాకులు ఎత్తి దించే మనిషి అందులో ఉండేవాడట. లాకులు తుప్పు పట్టాయి, మనిషి పోయాడు, గోడలు మిగిలాయి. పొడుగాటి ఇల్లు, రెండు నిలువుల ఎత్తు. రోడ్డు వైపు ఒకే ఒక్క కిటికీ, దానికి రెక్కల్లేవు.

ఆ గోడ మీద ఒక గీత ఉండేది. మోటారు సైకిలు హ్యాండిలు ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తులో, ఈ మూల నుంచి ఆ మూల దాకా గీసుకుపోయిన గీత. దగ్గరికెళ్ళి చూస్తే అది ఒక గీత కాదు... వందల గీతలు. ఎర్ర రంగు, నల్ల రంగు, నీలం రంగు. ఎందరి బళ్ళో.

ఊళ్ళో చెప్పుకునేది ఇదీ. లాకుల మనిషికి ఒక భార్య ఉండేదట. అతగాడు ఒక రాత్రి మోటారు సైకిలు ఎక్కి, ఇప్పుడే వస్తానని పోయి, మళ్ళీ రాలేదు. ఆవిడ ఆ కిటికీ దగ్గరే నిలబడి నిలబడి అక్కడే పోయింది. అప్పట్నుంచి బండి చప్పుడైతే చాలు, దగ్గరికి లాగుతుంది – ముఖం చూడ్డానికి. చూస్తుంది. తనవాడు కాదని తెలుస్తుంది. అప్పుడు... నెట్టేస్తుంది.

లాగేది గోడ మీదికి. నెట్టేది కాలవలోకి.

అలాంటి దారికి ఒక కొత్త మనిషి వచ్చాడు. మెకానిక్కు. ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్లు చూసే పని. వాళ్ళది ఎక్కడో కొండల్లో ఊరు. అక్కడ పనిచేసే కోల్డు స్టోరేజీకి తాళం పడితే, పెళ్ళాన్నీ రెండు పెట్టెల్నీ వెంటబెట్టుకుని, తన పాత మోటారు సైకిలుని లారీలో వేసుకుని వచ్చాడు. ఫ్యాక్టరీలోనే భార్యకి కాటా దగ్గర ఐసు దిమ్మలు తూచే పని దొరికింది. ఇద్దరూ పొద్దున ఒకే బండి మీద వెళ్ళడం, పొద్దుపోయాక ఒకే బండి మీద రావడం.

వచ్చిన మొదటి రోజునే అతను నోరు జారాడు. ఇంత తిన్నని రోడ్డు మీద బండి పడెయ్యాలంటే నేర్చుకుని పడెయ్యాలి అన్నాడు, నవ్వుతూ. మరి కొండవాడు కదా. వాళ్ళ దారుల్లో ఒక పక్క లోయ, ఒక పక్క రాయి, మలుపు తిరిగితే ఎదురుగా బస్సు. ఆ దారుల్లో మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా బండి నడిపినవాడు. అతనికి తెలిసిన శత్రువులన్నీ కంటికి కనబడేవే.

ఆ మాట అక్కడివాళ్ళ చెవుల్లో సీసం పోసినట్టయింది. ఆ రోజు నుంచే అతనికి కొండాయన అని పేరు పెట్టారు. పేరు పెట్టి వదిలేసినా బాగుండేది.

అతని బండి రోజూ పడిపోయేది. సైడు స్టాండు వేసి లోపలికెళ్తాడు, మధ్యాహ్నం వచ్చేసరికి నేల మీద పడుకుని ఉంటుంది. అద్దం పగిలింది. క్లచ్చి లివరు వంగింది. ఎవరో కావాలని తోస్తున్నారని ఒక రోజు కాపు కాశాడు. ఎవరూ రాలేదు. అతని కళ్ళ ముందే బండి దానంతట అది ఊగి... పడింది. షెడ్డు కింద నిలబడి బీడీలు కాల్చుకుంటున్నవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఒక్కడూ కదల్లేదు. గాలికి స్టాండు మీదికి వాలేలా బండి ముఖం తిప్పి పెట్టాలన్న సంగతి ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఇతనికి చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

అంతేనా. రాత్రి తుడిచి పెట్టిన చెయిను తెల్లారేసరికి ఎర్రబారేది. హెల్మెట్టు అద్దానికి ఉప్పు తడి పట్టి, ఎదుటి దీపం చెదిరిపోయి కళ్ళ నిండా పాకేది. రోడ్డు అంచున ఇసుక... చూడ్డానికి రోడ్డులాగే ఉంటుంది, చక్రం పెడితే గుటుక్కున మింగుతుంది. అడిగితే, ఏం కొండాయనా, మీ కొండల మీద ఇవి నేర్పలేదా అనేవారు.

వీళ్ళందరిలోకీ ఎక్కువ మంట ఫోర్‌మన్‌ది. పొడుగ్గా, బక్కగా, చెక్కినట్టుండే మనిషి. ఇరవై ఏళ్ళకి పైగా ఆ కట్ట మీద బండి నడిపాడు, గోడ మీది ఆ గీతల్లో తన బండి గీత ఒక్కటీ లేదు. పడినది అతని తమ్ముడు. లాకుల ఇంటి దగ్గరే. శవం రెండో రోజున తేలింది. తిన్నని రోడ్డు మీద ఎవడు పడతాడు అని కొత్తవాడు నవ్విన నవ్వు, ఆ మనిషి గుండెలో ఎక్కడ గుచ్చుకుందో మీరే ఊహించుకోండి.

గాలి కాలం వచ్చింది.

ఒక రాత్రి మొగుడూ పెళ్ళాం ఇంటికి వస్తున్నారు. ఎడమ నుంచి గాలి తోసేస్తోంది. బండి కుడి పక్కకి, కాలవ వైపు కొట్టుకుపోతోంది. అతను పళ్ళు బిగించి, చేతులు కర్రల్లా చేసి, ఒళ్ళంతా ఎడమ వైపు వాల్చి నడుపుతున్నాడు. వెనక ఆమె ఒక పక్కకి కూర్చుని, అతని చొక్కా పిడికిట్లో పట్టుకుని ఉంది.

ఇల్లు రావడానికి ముందు ఒక తూము ఉంటుంది. దాని మీద గతుకు. ధడ్ మని గతుకు దాటారు...

గాలి చప్పుడు ఆగిపోయింది.

చెవిలో దూది కుక్కినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే – ఎవరో హ్యాండిలు పట్టుకుని ఎడమ వైపు గుంజినట్టు – బండి గోడ మీదికి పోయింది. అతను తిప్పలేదు. ఒట్టు, తిప్పలేదు. చెయ్యి పట్టుకుని లాగినట్టే పోయింది. హ్యాండిలు చివర గోడకి రాసుకుని నిప్పులు రాలాయి. అతను కేక మింగి, ఉన్న బలమంతా పెట్టి కుడికి తిప్పాడు. సరిగ్గా అప్పుడే గోడ అయిపోయింది –

రెండు అరచేతులతో వీపు మీద చరిచినట్టు ఒక్క తోపు.

రోడ్డంతా అడ్డంగా కొట్టుకుపోయి, కాలవ అంచున ఇసుకలో చక్రం దిగబడి ఆగింది. ఇంజను ఆరిపోయింది. కింద నల్లటి నీళ్ళు కదులుతున్నాయి.

ఆమె చిన్నగా అంది, "ఏవండీ... కిటికీలో ఎవరైనా ఉన్నారా?"

అతను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రాత్రి అన్నాలు తినకుండా పడుకున్నారు. పొద్దున్నే ఆమె పెట్టెలో బట్టలు సర్దింది. ఏడవలేదు, అరవలేదు. ఆ ఇల్లు దాటి రాత్రిపూట ఇక రానని, మీ కొలువు మీకు ముఖ్యమైతే ఉండండని, తను పుట్టింటికి పోతానని చెప్పింది. అతను బతిమాలాడు. నెల తిరిగేలోగా ఆ దారి సంగతి తేలుస్తానన్నాడు. తేల్చకపోతే తనే బస్సెక్కిస్తానన్నాడు. కొండల్లో మళ్ళీ పని దొరకదని ఇద్దరికీ తెలుసు. పోతే ఆమె ఒక చోట, అతనొక చోట. సంసారం ఆ గోడ దగ్గర రెండుగా తెగుతుంది.

దేవుణ్ణి నమ్మినవాడు అతను. మనందరిలాంటివాడే, కష్టమొస్తే ఎక్కువ నమ్ముతాడు. పొద్దున్నే స్నానం చేసి దణ్ణం పెట్టుకుని, ఆ సాయంత్రం భార్యని ఐసు లారీలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి పంపించి, తను ఒక్కడూ బండి మీద బయల్దేరాడు. తూము దగ్గర ఆగాడు. దిగాడు. బండిని నడిపించుకుంటూ వెళ్దామని.

చీకటి. గాలి గుడ్డల్ని చింపేస్తోంది. బండిని ఒంటికి ఆనించుకుని, ఎడమకి వంగి నెడుతూ, ఒక్కొక్క అడుగూ వేశాడు. గోడ మూల వచ్చింది. కాలు ముందుకి పెట్టాడు...

గాలి ఆగింది. అతను బండితో సహా ఎడమకి తూలి గోడకి గుద్దుకున్నాడు.

గోడకి వీపు ఆనించి అలాగే నిలబడ్డాడు. కిటికీ తల పక్కనే ఉంది. అందులోంచి... ఏమీ రాలేదు. చెయ్యి చాచాడు. గోడ మూల దాటించి బయట పెట్టాడు. బయట గాలి అతని అరచేతిని విసిరికొట్టింది. చెయ్యి లోపలికి తీసుకున్నాడు. గాలి లేదు. మళ్ళీ బయటికి... ఉంది. మళ్ళీ లోపలికి... లేదు.

పిచ్చివాడిలా ఆ చీకట్లో చెయ్యి బయటికీ లోపలికీ ఊపుతూ, అతను నవ్వడం మొదలుపెట్టాడు.

ఇంతసేపూ గాలి మీద ఆనుకుని వస్తాం. ఆనుకున్న సంగతి మనకే తెలీదు. గోడ అడ్డం రాగానే ఆ గాలి పోతుంది. ఆనుకున్న స్తంభం తీసేస్తే మనిషి ఏమవుతాడు? అటే పడతాడు. అదీ లాగడం. భయపడి ఇటు తిప్పుతాం, ఈలోగా గోడ అయిపోతుంది, గాలి మళ్ళీ కొడుతుంది. అదీ నెట్టడం. ఆవిడా లేదు, ఆవిడ మొగుడూ లేడు.

ఆ రాత్రి నుంచి సాధన చేశాడు. తూము గతుకు తగలగానే వేగం తగ్గించాలి. భుజాలు వదిలెయ్యాలి. ఎడమకి వాలిన ఒంటిని నిటారు చెయ్యాలి. గోడ చివర వస్తుండగా మళ్ళీ వాల్చాలి. మొదట్లో గోడకి రెండుసార్లు రాసుకున్నాడు. తర్వాత తప్పింది. ఆ తర్వాత తలుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది. గతుకు తగలగానే ఒళ్ళే లేచేది, గోడ అయిపోయే ముందు ఒళ్ళే వాలేది. ఇంట్లో దీపం స్విచ్చి చీకట్లో తడుముకోకుండా దొరికినట్టు.

భార్యని కూడా మెల్లగా ఒప్పించి వెనక కూర్చోబెట్టుకున్నాడు. కానీ ఆమె ఆ గోడ పక్కన కళ్ళు మూసుకుని బిగుసుకుపోయేది. ఆమె బిగుసుకుంటే బండి వణికేది. ఎన్నిసార్లు దాటినా అంతే. మీకు అలవాటైంది, నాకు కాలేదు, హ్యాండిలు మీ చేతిలో ఉంది నా చేతిలో లేదు అనేది. గోడ ఉన్నంత కాలం పెట్టె విప్పనని చెప్పింది. నిజంగానే విప్పలేదు, బట్టలు అందులోంచే తీసి కట్టుకుని, ఉతికి అందులోనే పెట్టేది.

అతను ఫ్యాక్టరీలో ఈ గాలి సంగతి చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు, మనిషి కదా. షెడ్డు కింద నిలబడి చేతులు ఊపి మరీ చూపించాడు. కొందరు నవ్వారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఫోర్‌మన్ మాత్రం దగ్గరికొచ్చి, చాలా నెమ్మదిగా అడిగాడట.

"అంటే మా తమ్ముణ్ణి ఎవరూ చంపలేదంటావు. వాడికి బండి నడపడం రాక చచ్చాడంటావు."

మెకానిక్కు ఊపుతున్న చేతులు దించేశాడు.

"అంతేగా కొండాయనా? అను. నీ నోటితోనే అను."

అతను అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఫోర్‌మన్ అతనితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. అవి కూడా గోడకి చెప్పినట్టు పక్కకి చూసి చెప్పేవాడు.

ఇక ఆ గోడ పడితే తప్ప తన సంసారం నిలబడదని మెకానిక్కు యజమాని దగ్గరికి వెళ్ళాడు. గాలి సంగతి చెబితే యజమాని ఆవలించాడు. ఇల్లు తీసేస్తే అక్కడ రెండు ఐసు లారీలు తప్పుకోవచ్చు అని చెబితే నిటారుగా కూర్చున్నాడు. అది ఎవరికీ పట్టని ఆస్తి. కనుక్కోవలసినవాళ్ళని కనుక్కున్నాడు, ఒప్పించవలసినవాళ్ళని ఒప్పించాడు.

కబురు తెలిసి ఫోర్‌మన్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మెకానిక్కు ముందు తగ్గాడు. కంప్రెసరు గదిలో తలుపు మూసి, అది ఉండనీ, దాని జోలికి పోవద్దు అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాడు. నాకు తెలీదు, కానీ ఉండనీ అన్నాడు. పాపం, ఏదో ఉందని ఒంటికి తెలుసు, నోటికి తెలీదు. మెకానిక్కు దాన్ని మొండితనం అనుకున్నాడు.

బుల్డోజరు వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకి మొదలుపెడితే, ఎండ వాలేసరికి ఇల్లు లేదు. ఇటుకలు కూడా లారీలకెత్తుకుపోయారు. అంత పేరు మోసిన ఇంటికి, అయ్యలారా, ఒక పూట పని. నేల చదునయింది. సముద్రం దాకా అడ్డం లేదు.

మెకానిక్కు భార్య పొద్దుటి నుంచి కాటా దగ్గర నవ్వుతూనే ఉందట. ఇంటికి వెళ్ళగానే పెట్టె విప్పుతానంది.

ఆ సాయంత్రమే పెద్ద కంప్రెసరు మొరాయించింది. ఐసు కరిగిపోతుంది. పనివాళ్ళని లారీలో ముందే ఇళ్ళకి పంపేశారు. మెకానిక్కుకి సాయంగా ఫోర్‌మన్ ఉన్నాడు, ఇంటికి తోడు లేక భార్య ఉండిపోయింది. గాలి రేకుల మీద డప్పు కొడుతోంది. చీకటి పడి బాగా పొద్దుపోయాక, మిషను గాడిలో పడింది. ఇంకాసేపు దగ్గరుండి చూసుకోవాలి.

ఆమె స్టూలు మీద కూర్చుని కునుకుపాట్లు పడుతోంది. ఫోర్‌మన్ చూశాడు. ఇన్నాళ్ళ తర్వాత అతని గొంతులో మెత్తదనం వచ్చింది.

"చెల్లెమ్మని నేను దించి పోతాను. మా వీధి దాటగానే కదా మీ ఇల్లు."

ఆమె మొగుడి వంక చూసింది. మీతోనే వస్తానులెండి అంది. మెకానిక్కుకి లోపల పొంగింది. ఫోర్‌మన్ అంతటివాడు తనంతట తాను దిగివచ్చాడు. కట్ట మీద అతన్ని మించి బండి నడిపేవాడు లేడు.

"వెళ్ళు. ఇంకా భయమేంటి? అక్కడిప్పుడు ఏముందని?" అన్నాడు.

ఆ మాట గుర్తుంచుకోండి. చాలా మంచి మాటే. నిజమైన మాట కూడా. అక్కడ ఏమీ లేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఎర్ర దీపం కట్ట మీద చిన్నదై చిన్నదై పోయింది. అతను మిషను చప్పుడు విని, నూనె చూసి, చేతులు కడుక్కుని, వాచ్‌మన్‌కి చెప్పి బయల్దేరాడు.

రోడ్డు మీద ఒక్క పురుగు లేదు. గాలి ఎడమ నుంచి ఏకధారగా తోస్తోంది. ఒళ్ళు ఎడమకి వాల్చి, చేతులు తేలిగ్గా పెట్టి, హాయిగా వస్తున్నాడు. భగవంతుడా, గట్టెక్కించావు అనుకున్నాడు. ఇంటికి వెళ్ళేసరికి పెట్టె విప్పి బట్టలు దండెం మీద వేసి ఉంటుందనుకున్నాడు. లాకుల ఇల్లు లేదన్న సంగతి అతనికి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. తనే కూలగొట్టించాడు. తన కళ్ళతోనే చూశాడు.

తూము వచ్చింది.

ధడ్.

అంతే... భుజాలు వదులయ్యాయి. వాలిన ఒళ్ళు దానంతట అది లేచి నిటారయింది. ఇల్లు ఉన్నట్టే. గోడ పక్కన దూరినట్టే. అతను వద్దనుకున్నాడు – వద్దు, ఇక్కడ గోడ లేదు – ఆ మాట మనసులో పుట్టేలోపే ఒళ్ళు లేచిపోయింది –

ఆగని గాలి అతన్ని అమాంతం ఎత్తి కుడి వైపు విసిరింది.

హ్యాండిలు వదిలేశాడో, అదే ఊడిందో. బండి రోడ్డుకి అడ్డంగా జారుకుంటూ పోయింది. అతను మోచేతుల మీద, మోకాళ్ళ మీద దొర్లి, ఇసుకలో ముఖం కుక్కుకుని ఆగాడు. తల ఎత్తాడు. కాలవ అంచు గడ్డానికి తగులుతోంది.

కింద, నీళ్ళ లోపల... ఒక ఎర్ర దీపం వెలుగుతోంది.

చాలాసేపు అదేమిటో అర్థం కాలేదట. నీళ్ళలో దీపమేమిటి అనుకుంటూ చూస్తూ ఉండిపోయాడు. చూస్తుండగానే అది రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

అప్పుడు గాలి కింద నుంచి, గొంతు పెగలని మాట.

"ఏవండీ..."

పాత లాకుల ఇనుప మెట్లు గట్టుకి ఇంకా వేలాడుతున్నాయి. ఆమె ఒక చేత్తో ఆ మెట్టు పట్టుకుని ఉంది. రెండో భుజం జారిపోయి చెయ్యి పనికి రావట్లేదు. పళ్ళతో ఫోర్‌మన్ చొక్కా కాలరు పట్టుకుని, ఆ మనిషి తల నీళ్ళ మీద ఉంచింది. ఎంతసేపట్నుంచో ఆమెకే తెలీదు. మాట్లాడాలంటే కాలరు వదలాలి. అందుకని మొగుడి బండి చప్పుడు వినబడేదాకా ఆమె నోరు తెరవలేదు.

పైవాడి దయ, ఆమెకి భుజం, ఫోర్‌మన్‌కి తుంటి ఎముక. అంతటితో పోయింది. ప్రాణాలు మిగిలాయి.

ఆసుపత్రి మంచం మీద ఫోర్‌మన్ కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. మెకానిక్కు పక్కన నిలబడ్డాడు. అన్నా, గాలి చాలా ఎక్కువగా ఉంది అన్నాడు. ఫోర్‌మన్ కప్పు వంక చూస్తూనే పడుకున్నాడు. వార్డంతా నిద్రపోయాక గొంతు తగ్గించి అన్నాడట –

"గోడ పడగొట్టావు. బాగానే ఉంది. నా ఒంట్లో ఉన్నదాన్ని ఎలా పడగొడతావు?"

మెకానిక్కు తన రెండు చేతుల వంక చూసుకున్నాడు.

ఆ వారంలోనే ఇంకో ఇద్దరు పడ్డారు. ఇద్దరూ పాత కాపులు. చదునైన నేల పక్కన, ఏ అడ్డమూ లేని చోట, పడి లేచి, ఎలా పడ్డామో తెలీక ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు మెకానిక్కుని చూసి కిటికీలు మూసుకున్నారు. పాలు పోసే ముసలావిడ అతని గుమ్మం ముందు నిలబడి, వీధి వీధంతా వినేలా అంది: ఇన్నాళ్ళూ ఆవిడ ఇంట్లో ఉండేది నాయనా, నువ్వు తీసుకొచ్చి రోడ్డున పడేశావు. నవ్వాలో ఏడవాలో తెలీని మాట. ఎవరూ నవ్వలేదు.

అతనే పెట్టెలు బయటికి తీశాడు. మనం పోదాం పద, నువ్వన్నదే నిజం అన్నాడు. భార్య మెడకి కట్టుకున్న గుడ్డలో చెయ్యి పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికని? ఎక్కడికెళ్ళినా మీ చేతులు మీతోనే వస్తాయి కదా."

పెట్టె విప్పి, ఒంటి చేత్తో, ఒక్కొక్క బట్టే తీసి దండెం మీద వేసింది.

వాళ్ళు అక్కడే ఉండిపోయారు. కానీ ఆ కట్ట మీద ఇప్పుడొక వింత చూస్తారు, వెళ్తే. ఇంటికొచ్చే వేళకి తూము ముందు బళ్ళు వరసగా ఆగుతాయి. అందరూ దిగుతారు. ఖాళీ నేల పక్కన, ఒక ఇల్లు పట్టేంత దూరం, బళ్ళు నడిపించుకుంటూ పోతారు. అవతల మళ్ళీ ఎక్కుతారు. ఇప్పుడు కర్ర ఊతంతో నడిచే ఫోర్‌మన్ లారీలో పోతూ, అక్కడికి రాగానే కిటికీ అద్దం ఎత్తేసుకుంటాడు.

మొన్న గాలి కాలంలో ఒక రాత్రి, మెకానిక్కూ భార్యా అలాగే దిగి నడుస్తున్నారు. వెనక నుంచి ఒక బండి వచ్చింది. కొత్త కుర్రాడు, ఎక్కడో దూరపు ఊరి నుంచి వచ్చి వారం కాలేదు. లాకుల ఇల్లు మొహం కూడా ఎరగడు. వీళ్ళ పక్కన వేగం తగ్గించి, బండి పాడైందా అన్నా అని అడిగాడు. లేదన్నాడు మెకానిక్కు. దిగు తమ్ముడూ అనబోయి ఆగిపోయాడు.

కుర్రాడు భుజాలెగరేసి, గేరు మార్చి వెళ్ళిపోయాడు.

తూము మీద ధడ్ మంది. వీళ్ళిద్దరూ చూస్తున్నారు. ఆ ఎర్ర దీపం ఎటూ వంగలేదు. ఇల్లు ఉన్న చోటు దాటింది, గోడ అయిపోయే చోటు దాటింది, గీత గీసినట్టు తిన్నగా పోయింది. ఎవరూ లాగలేదు. ఎవరూ నెట్టలేదు. ఆ ముఖంతో ఆవిడకి పని లేదు.

"గట్టిగా పట్టుకోండి... వచ్చేశాం," అని భార్య గుసగుసగా అంది.

అతను రెండు చేతులతో హ్యాండిలు బిగించి పట్టుకున్నాడు. ఎడమ నుంచి గాలి ఆగకుండా కొడుతోంది. బండి ముందు చక్రం తూము ఎక్కి దిగింది.

చిన్నగా... అతని భుజం దానంతట అది వదులైంది.